జుక్కల్ నుంచి వచ్చిన క్యాసెట్

ఎల్లారెడ్డిలో మా గల్లీకంతటికీ టేప్ రికార్డరు ఒక్కటే ఉండేది, నా చిన్నప్పుడు. అది మా పక్కింటి అక్కది. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. మా గోడకు ఆనుకుని ఉన్న రెండు గదుల్లో కిరాయికి ఉండేది. వాళ్ళది బీబీపేట దగ్గరి క్రైస్తవ కుటుంబం. మా ఊరికి బదిలీ మీద రాకముందు కొన్నేళ్ళు జుక్కల్‌లో పనిచేసింది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాయ్ పెట్టుకుని, అప్పుడు టేపు మీద కప్పిన గుడ్డ తీసేది. ఆ గుడ్డ తీసే వేళకు నేను ఆమె గడపలో కూర్చుని ఉండేదాన్ని.

నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. నాకు కావలసింది ఒకే ఒక్క పాట. ఒక కొత్త సినిమా క్యాసెట్లో మొదటి వైపు ఉండే హుషారు పాట. అది అయిపోగానే వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టేదాన్ని. అదే క్యాసెట్లో మిగతా పాటలు ఎలా ఉంటాయో కూడా నాకు తెలియదు. బడిలో పిల్లలంతా ఆ పాటే పాడేవారు, పెళ్ళిళ్ళ మైకుల్లో అదే మోగేది, కాబట్టి అది మంచి పాట. అంతకు మించి నేను ఆలోచించలేదు. చివరికి ఒక సాయంత్రం సరిగ్గా ఆ పాట దగ్గరే రీలు లోపల చిక్కుకుపోయింది. అక్క కోప్పడలేదు. మూత తెరిచి, నలిగిన రీలును మెల్లగా బయటికి తీసి, పెన్సిలు దూర్చి చుట్టింది. చుడుతూనే చెప్పింది, కొన్నాళ్ళపాటు తను చెప్పిన పద్ధతిలోనే వినాలని, ఇష్టమైతేనే రమ్మని.

మరునాడు వెళ్ళి చూస్తే ఆమె దగ్గరున్న క్యాసెట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పేర్ల మీద దవాఖానలో గాయాలకు అంటించే తెల్లటి పట్టీ అంటించేసింది. ఏది సినిమాదో, ఏది వాళ్ళ చర్చి పాటలదో, ఏది సన్నాయిదో తెలియదు. చూడకుండా ఒకటి తీయాలి. ఒక వైపు మొత్తం, బటన్ తనంతట తాను పైకి లేచేదాకా వినాలి. మధ్యలో చెయ్యి పెట్టకూడదు. అయిపోయాక ఆమెకు ఒక సంగతి చెప్పాలి.

“బాగున్నదా లేదా అని నేను అడుగుతలేను. నీకు ఏం వినవడ్డదో చెప్పు,” అంది.

అది ఆటలా అనిపించి ఒప్పుకున్నాను. సన్నాయి క్యాసెట్ వచ్చిన రోజు, వాయించేవాడు మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడని చెప్పాను. చర్చి పాటలు వచ్చిన రోజు, వెనక ఒక ఆడమనిషి మిగతావాళ్ళకంటే ముందే ఎత్తుకుంటోందని చెప్పాను. ఆమె మా చిన్నమ్మే, ఎప్పుడూ అంతే తొందర అని అక్క నవ్వింది. ఆట బాగానే సాగుతోంది. అప్పుడు ఒకరోజు నా చేతికి జుక్కల్ క్యాసెట్ వచ్చింది.

అది కొన్నది కాదు. జుక్కల్‌లో ఒక ఇంట్లో కష్టమైన కాన్పు జరిగితే అక్క రాత్రంతా వాళ్ళ దగ్గరే ఉండి తల్లీబిడ్డలను గట్టెక్కించిందట. ఆ ఇంటివాళ్ళు తమ వాడలో జరిగిన ఒక భజనను ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఆమెకిచ్చారు. పాడినది ఒక ముసలాయన, మరాఠీలో. పట్టీ ఊడదీసి చూసినా పేరు దొరకదు, దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. హార్మోనియం, తాళాలు, ఆయన గొంతు, అంతే. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది ఎప్పుడు అయిపోతుందా అని బటన్ వంకే చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక, ముసలి గొంతు, అర్థంకాని మాటలు, నాకు నచ్చలేదు అన్నాను. అది నీకు అనిపించింది, వినబడింది కాదు, రేపు మళ్ళీ ఇదే అంది అక్క.

రెండోనాడు మొండిగా విన్నాను. అప్పుడు రెండు పాటల మధ్య ఆయన దగ్గడం వినబడింది. ఎవరో నవ్వారు. దూరంగా ఏదో గిన్నె కింద పడింది, ఒక పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది. అప్పటిదాకా అది నాకు టేపులో పాట. ఆ గిన్నె చప్పుడుతో అదొక ఇల్లయింది, అందులో చాపల మీద మనుషులు కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత వద్దన్నా నేనే అడిగి పెట్టించుకున్నాను. ఒకనాడు ఉన్నట్టుండి ఒక సంగతి పట్టుబడింది. ముసలాయన ఒక్కడే పాడేటప్పుడు గొంతు నిండుగా ఉంటుంది. కూర్చున్నవాళ్ళంతా అందుకోగానే ఆయన తన గొంతు పెంచడు, తగ్గిస్తాడు. వాళ్ళ పాటను ముందుకు పోనిచ్చి, తను వెనకాల నడుస్తాడు.

ఈ మాట చెబితే అక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది. టేపు వెనక్కి తిప్పి ఆ చోటు మళ్ళీ విన్నది, ఇంకోసారి విన్నది.

“ఇన్నేండ్ల సంది వింటున్న గని, నేను పట్టలేదు గిది,” అంది.

ఒక పెద్దమనిషి నాతో అలా అనడం అదే మొదటిసారి. నాకూ చెవులున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఎండాకాలంలోనే మా చిన్నత్త పెళ్ళయింది. చిన్నత్త మా బాపుకు ఆఖరి చెల్లెలు, తల్లిదండ్రులు లేకపోవడంతో బాపే పెంచాడు. పెళ్ళికొడుకుది పెద్దకొడప్‌గల్. మా ఇంటి ముందే పందిరి వేశారు. నేను పాటలు బాగా వింటానని గల్లీలో పేరు పడింది కాబట్టి, మైక్ సెట్ అతని పక్కన కూర్చుని క్యాసెట్లు అందించే పని బాపు నాకప్పగించాడు. పొద్దున్నుంచీ సినిమా పాటలే పెట్టిస్తున్నాను, అందరూ సంతోషంగానే ఉన్నారు. తలంబ్రాలయ్యాయి, భోజనాలకు పిలిచారు. అక్కడ వచ్చింది చిక్కు.

అంతకుముందు పెళ్ళివారి వ్యాను దారిలో టైరు పగిలి ఆలస్యంగా వచ్చింది. హడావిడిలో మగవాళ్ళకు, పెళ్ళికొడుక్కు మర్యాదలు జరిగాయి గాని, అందరికంటే చివర దిగిన ముసలి అవ్వను, పెళ్ళికొడుకు నాయనమ్మను, ఎవరూ చూడలేదు. ఆమె పందిరి బయట ఎండలోనే నిలబడిపోయింది. ఎవరో చూసి కుర్చీ వేసేసరికి ఆమె మనసు విరిగింది. అప్పటినుంచి నీళ్ళు ముట్టలేదు, షర్బత్ ముట్టలేదు. ఆమె తినకుండా వాళ్ళింట్లో ఎవరూ తినరట. వరసగా కూర్చున్న పెళ్ళివారంతా విస్తళ్ళ ముందు చేతులు కట్టుకుని ఉండిపోయారు. బాపు వెళ్ళి దండం పెట్టి బతిమాలాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. పీట మీద పెళ్ళికొడుకు పక్కనే కూర్చున్న చిన్నత్త మొహం చూశాను. సాయంత్రానికి ఆమె వెళ్ళేది ఆ అవ్వ ఇంటికే. నుదుటి మీది బాసికం కింద కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఉన్నాయి.

అవ్వ కూర్చున్న కుర్చీ మైక్ సెట్‌కు కొంచెం దూరంలోనే ఉంది. బాపు వెళ్ళిపోయాక ఆమె తన కూతురితో ఏదో గొణిగింది. అది తెలుగు కాదు. మాట నాకు అర్థం కాలేదు, కానీ ఆ పలుకు, చివర కొద్దిగా లాగి వదిలే తీరు నేను ఎన్నోసార్లు విన్నదే. నేను లేచి, పందిట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తి, జుక్కల్ క్యాసెట్ కావాలని చెవిలో చెప్పాను. ఆమె నా మొహం కాసేపు చూసింది. అవ్వను కూడా చూసింది. అది పెళ్ళిలో పెట్టే పాట కాదని, పెద్దవాళ్ళు తిట్టినా తిడతారని చెప్పింది. తర్వాత తన ఇంటి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

“నీకు పెట్టాలనిపిస్తె పెట్టు. ఎవలన్న అడిగితె మాత్రం నువ్వే జవాబు చెప్పాలె. నా పేరు చెప్పద్దు,” అంది.

అప్పుడా మాట కఠినంగా తోచింది. నా చెవిని నమ్మి నాకే వదిలేసిందని తర్వాత అర్థమైంది.

అక్క టేపులోనే ఉన్న ఆ క్యాసెట్ తెచ్చి పెట్టించాను. హుషారు పాట ఆగిపోయి, తాళాల చప్పుడు మొదలై, ముసలాయన గొంతు పందిరంతా పరుచుకోగానే మాటలన్నీ ఆగాయి. మావైపు ఎవరింట్లోనైనా మనిషి పోతేనే రాత్రంతా భజన చేయిస్తారు. మా పెద్దవాళ్ళలో ఒకాయన లేచి, పెండ్లి పందిట్లో సావు భజన ఏంది, బంద్ చెయ్ అని అరిచాడు. మైక్ సెట్ అతని చెయ్యి బటన్ మీదికి పోయింది. నేను అడ్డంగా నిలబడ్డాను. బాపు ఎర్రటి మొహంతో వచ్చాడు. అంతకు ముందెప్పుడూ నేను బాపు మాటకు ఎదురు నిలవలేదు.

“బాపు, జర ఆగు. అవ్వ వింటున్నది,” అన్నాను.

బాపు వెనక్కి తిరిగి చూశాడు. అవ్వ మొహం స్పీకరు వైపు తిరిగి ఉంది. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. కూతురు పట్టుకోబోతే వద్దని, తనే నడిచి మా దగ్గరికి వచ్చింది.

“ఎవలు పెట్టిన్రు గిది?” అని అడిగింది.

నేనే పెట్టానన్నాను. నాకు మరాఠీ వస్తుందా అని అడిగింది. రాదన్నాను. మరి అర్థం కానిది ఎందుకు పెట్టావంది. చెప్పవలసింది నాకు తెలుసు. ఎందుకంటే ఆ జవాబు నేను అప్పటికే ఒకసారి చెప్పి ఉన్నాను.

“అందరు అందుకున్నప్పుడు ఆ తాత తన గొంతు తగ్గిస్తడు. గది నాకు మంచిగనిపిస్తది,” అన్నాను.

అవ్వ, ఇందాక అరిచిన పెద్దాయన వైపు తిరిగి, అందరికీ వినబడేలా, ఇది చావు పాట కాదని, దెగ్లూర్ దిక్కు తన తల్లిగారి ఊర్లో పెళ్ళినాడు తెల్లవారగానే ముందు పాడేది ఇదేనని చెప్పింది. ఆ పెద్దాయన వెళ్ళి కూర్చున్నాడు. అవ్వ మైక్ సెట్ పెట్టిన బల్ల అంచునే కూర్చుని ఆ వైపు పూర్తిగా విన్నది. అప్పుడు బాపును పిలిచింది. పాటకు కరిగిపోయి అన్నీ మరిచిపోయిందనుకున్నాను నేను. అలా ఏమీ కాలేదు.

“నన్ను ఎండల నిలవెట్టిన్రు. గది తప్పే,” అంది.

బాపు తప్పయిందని ఒప్పుకున్నాడు. ఈసారి మర్యాద కోసం కాదు, నిజంగానే ఒప్పుకున్నాడని అతని గొంతే చెప్పింది. అవ్వ తలూపి, నా చెయ్యి పట్టుకుని లేచి, విస్తరి ముందు కూర్చుంది. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టమని చెప్పింది.

తింటున్నంతసేపూ ఆమె నన్ను మెచ్చుకోలేదు. పాట గురించే మాట్లాడింది. రెండో వైపుకొచ్చేసరికి ఆయన అలసిపోయాడని, ఒకచోట చరణం మరిచిపోయాడని, కూర్చున్నవాళ్ళు అది బయటపడనీయకుండా పల్లవి అందుకున్నారని చెప్పింది. విన్నావా అని అడిగింది. నేను వినలేదు. అన్నిసార్లు విన్నా ఆ సంగతి నా చెవిన పడలేదు. అవ్వ టేపు వెనక్కి తిప్పించి, ఆ చోటు రాగానే అన్నం చేత్తోనే వేలెత్తి చూపించింది. అవును, ఒక్క క్షణం ఆయన లేడు. మనుషులున్నారు. మళ్ళీ ఆయన వచ్చాడు. మొత్తం వినేశానని అనుకున్న పాటలో ఇంకా వినవలసింది ఉండటం నాకు చెప్పలేనంత సంతోషమిచ్చింది.

ఆ సాయంత్రం చిన్నత్త వ్యాను ఎక్కుతుంటే అవ్వ తన పక్కన చోటు చూపించింది. కొత్త ఇంట్లో మొదటి ఏడాది చిన్నత్తకు తోడుగా నిలిచింది ఆమేనని తర్వాత విన్నాను. పక్కింటి అక్కకు మరో రెండేళ్ళకు బదిలీ అయింది. క్యాసెట్ ఆమెతోనే వెళ్ళింది. అడిగితే ఇచ్చేదే, కానీ అడగాలనిపించలేదు. అది ఆమె సంపాదించుకున్నది.

తర్వాత నా చేతికి చాలా క్యాసెట్లొచ్చాయి. పెళ్ళయి కామారెడ్డికి వచ్చాక బస్టాండు దగ్గరి దుకాణంలో ఒక కన్నడ జానపదాల క్యాసెట్ కొన్నాను, మా ఆయన వింతగా చూశాడు. ఒక సారంగి క్యాసెట్ మొదటి వారం బొత్తిగా నచ్చలేదు, తర్వాత పదేళ్ళు నా వంటింట్లో అదే మోగింది. ఒక ఉర్దూ గజల్ క్యాసెట్లో నాకిష్టమైంది పాట కాదు, పాటకు ముందు గాయని పక్కవాయిద్యం వాళ్ళతో నెమ్మదిగా అనే రెండు మాటలు. గొంతు చించుకుని పాడేవాళ్ళను నేను గౌరవిస్తాను, కానీ పక్కవాళ్ళకు చోటిచ్చి పాడేవాళ్ళ దగ్గర ఆగిపోతాను. నా అభిరుచి ఇది. ఎవరైనా ఇదేం పాట అని నవ్వితే నాకు చిన్నతనం అనిపించదు. ఎందుకు నచ్చిందో కూర్చోబెట్టి చెప్పగలను, వాళ్ళకు వినబడి నాకు వినబడనిది ఉంటే చెప్పమని అడగగలను.

ఈ మధ్య మా మనవరాలి ఫోన్లో దగ్గరి తండాలో ఎవరో పాడి పెట్టిన లంబాడీ పాటలు దొరికాయి. మొదటి పాట ఎత్తుగడకే మనవరాలు మార్చబోయింది. ఉండనీమని ఫోన్ నా పక్కన పెట్టుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ చివరిదాకా విన్నాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకా నచ్చలేదు కూడా. రేపు మళ్ళీ వింటాను.