అరవై నాలుగు తువ్వాలలు

పోయినవి ముందు లెక్కపెడతాను. అద్దకం పని మొదలుపెట్టిన తొలి ఏడాదిన్నరలో, కోరుట్లలో చెక్కించిన పదకొండు అచ్చుల్లో నాలుగు ఎండకు పగిలిపోయాయి. పదిహేను రోజుల శిక్షణలో ఆరు రోజులు బందుల్లో పోయాయి. సరుకు అమ్ముకోవడానికి పేరు రాయించుకున్న ఏడు మేళాల్లో మూడు జరగనే లేదు, ఒకటి సగంలో ఎత్తేశారు. రంగు డబ్బాలు రెండు, వేములవాడ దాటాక ఆటో గుంతలో పడినప్పుడు ఒరిగిపోయాయి. తంగేడు పూలు పదిహేడు వందల ఇరవై ఎనిమిది. పిడికిలితో అచ్చును కొట్టీ కొట్టీ కుడిచేతి అంచున తోలు ఎన్నిసార్లు లేచిందో మాత్రం లెక్క లేదు. అది మళ్లీ వచ్చేదే కాబట్టి రాసుకోలేదు.

నాకు లెక్క బడిలో రాలేదు. ఆరో తరగతితోనే బడి ఆగిపోయింది. కోరుట్లలో మా అమ్మ పక్కన చాట ముందు కూర్చుని బీడీలు చుడుతూ నేర్చుకున్నాను. కట్టకు ఇరవై ఐదు, వెయ్యికి నలభై కట్టలు. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి కట్టను అరచేతిలో దొర్లించి, వదులుగా ఉన్నవాటిని పక్కకు గిరాటేసేవాడు. ఎందుకని అడిగేది లేదు. ఎన్ని తీసేస్తే అన్ని మళ్లీ చుట్టి, మరునాడు లెక్కకు కలపాలి. ఒకటికి ఒకటి. ఇరవై మూడేళ్ల వయసులో పెళ్లయి సిరిసిల్ల వచ్చేదాకా నాకు తెలిసిన న్యాయం అదొక్కటే.

అత్తగారిల్లు నేతవాళ్లది. మామ ఉన్నప్పుడు మగ్గం ఉండేది. నేను వచ్చేనాటికి మగ్గం గుంత పూడ్చి దాని మీద బియ్యం డబ్బా పెట్టారు. మా ఆయన వేరేవాళ్ల దగ్గర సాంచాలు నడిపేవాడు. ఆ మరమగ్గాల చప్పుడు లేకుండా మా వాడలో పగలు గడవదు. తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ చప్పుడు తరచుగా ఆగేది. ఒక రోజు బంద్, రెండు రోజులు కరెంటు లేకపోవడం, తర్వాత సమ్మె. సాంచాలు ఆగిన రోజు మా అత్త వాకిట్లో కూర్చుని, "చెవులకు ఏందో అయినట్టున్నది పిల్లా," అనేది.

అట్లాంటి రోజుల్లోనే ఆడవాళ్లకు చేతి అద్దకం నేర్పిస్తారని తెలిసి పేరిచ్చాను. కోస్తా నుంచి ఒక మాస్టారు వచ్చాడు. పొట్టిగా, మెల్లగా మాట్లాడే మనిషి. బయట ఊరేగింపు పోతుంటే కిటికీ రెక్క దగ్గరికి వేసి, "అమ్మా, అచ్చును పెట్టాక కదిలించకూడదు, కొట్టాక ఆలోచించకూడదు," అని పాఠం చెప్పేవాడు. ఒకసారి వీధిలో నినాదాలు పెద్దగా వినిపించి ఆయన ఆగిపోయాడు. మాలో ఒకామె లేచి, "సార్, మీరు చెప్పుండ్రి. వాళ్లు మిమ్ముల అంటలేరు," అంది. "తెలుసమ్మా," అన్నాడు గానీ ఆ రోజు టీ చల్లారేదాకా తాగలేదు. తొమ్మిది రోజులే జరిగింది శిక్షణ. పదో రోజు నుంచి ఊరంతా బంద్. ఆయన దొరికిన ఒక్క లారీ ఎక్కి వెళ్లిపోయాడు. వెళ్తూ తన ఫోన్ నంబరు నా పలక మీద రాసి పోయాడు.

రెండో రోజే ఆయన ఒక మాట చెప్పి ఉన్నాడు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, చాకలి సోడా వేసి ఉడకబెట్టి, మూడు నీళ్లలో జాడించి, గంజి పూర్తిగా పోయాకే అద్దాలి అని. నేను రాసుకున్నాను కూడా. కానీ తెల్ల నూలు బట్ట నూట ఎనిమిది మీటర్లు ఇంటికి తెచ్చి, పొయ్యి మీద గంగాళం పెట్టేసరికి మా అత్త వచ్చి నిలబడింది.

"ఏం జేస్తున్నవే?"

"గంజి తీస్తున్న అత్తా."

"గంజి తీస్తవా? నేను పుట్టి అరవై ఏండ్లాయె. బట్టకు గంజి పెట్టుడు చూసిన గని తీసుడు చూడలే. గంజి తీసినంక బట్టకు ఏముంటది? బొక్కలు తీసి తోలు మిగిల్చిన మనిషి లెక్క ఉంటది."

మా ఆయన గోడకు ఆనుకుని నవ్వాడు. "అమ్మ చెప్పింది నిజమే గదనే. మెత్తటి తువ్వాల ఎవడు కొంటడు? చేతిల వట్టుకుంటె పెళపెళ అనాలె."

వాళ్లను అంటే తప్పు. నాకూ అదే అనిపించింది. పదేళ్లు నేతవాళ్ల ఇంట్లో తిన్నాక నా వేళ్లు కూడా బిరుసుగా ఉన్న బట్టనే మంచి బట్ట అంటున్నాయి. గంగాళం దించాను. చల్లనీళ్లలో ఒక్కసారి ముంచి ఆరేశాను.

ఆ పదిహేను రోజులు నా జీవితంలో బాగా గడిచిన రోజుల్లో ఉంటాయి. సమ్మె వల్ల మా ఆయనకు పని లేదు. బల్ల మీద గోనెసంచి, దాని మీద పాత దుప్పటి పరిచి, ఆయన తువ్వాల సరిగ్గా లాగి పట్టుకునేవాడు, నేను అద్దేదాన్ని. కోరుట్లలో వడ్రంగం చేసే వడ్లాయన చెక్కిన తంగేడు పువ్వు అచ్చు, ఆకు అచ్చు. పసుపుపచ్చ, ఆకుపచ్చ. రంగుముద్దలో కిరోసిన్ వాసన ఇల్లంతా. అత్త ఎండలో కూర్చుని ఆరినవాటిని మడతపెడుతూ, పోయేవాళ్లను పిలిచి చూపించేది. మధ్యాహ్నాలు ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వంటలు చేస్తున్నారని తెలిస్తే అందరం వెళ్లి కూర్చునేవాళ్లం. అన్నంలో పప్పు పోయించుకుంటూ కూడా నేను లెక్క వేస్తూనే ఉండేదాన్ని. మీటరున్నర చొప్పున తువ్వాలలు డెబ్బై రెండు. ఒక్కోదానికి ఇరవై నాలుగు పూలు.

బతుకమ్మ పండుగ ముందర జగిత్యాలలో మేళా. బస్సులు లేవు. నూలు మోసే ఆటోలో సామానుతో పాటు మేమూ కూర్చుని వెళ్లాం. అక్కడ అందరూ అడిగింది ఒక్కటే. ఒక కుర్రాడు, మెడలో ఉద్యమం కండువా, తువ్వాలను అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, గీ పూలేంది? తెలంగాణ పటం లేదా?" అన్నాడు.

"తంగేడు ఏడ పూస్తది తమ్మీ?"

"మనకాడనే."

"మరి గదే పటం. ఇగో, పట్టు."

పక్క దుకాణం వాళ్లు కూడా నవ్వారు. అతను రెండు కొన్నాడు. నాలుగు రోజుల మేళా రెండో రోజుకే ఎత్తేశారు గానీ, అప్పటికే అరవై నాలుగు పోయాయి. ఎనిమిది మిగిలాయి. పట్టుకున్న ప్రతివాళ్లూ, "మంచి గట్టిగున్నది బట్ట," అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ మాట పదిసార్లు చెప్పాడు మా ఆయన.

నెల దాటాక కోరుట్లలో ఒక చిన్న మేళా పెట్టారు. కొత్త బట్ట దొరకలేదు. మిగిలిన ఎనిమిది తువ్వాలలు, అచ్చులు, ఆర్డర్లు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. పదకొండు గంటలప్పుడు ఒక పెద్దాయన వచ్చాడు. రోజూ దీక్షా శిబిరంలో కూర్చునే మనిషట. భుజం మీది తెల్ల తువ్వాల తీసి నా బల్ల మీద పరిచాడు.

"ఇది గుర్తుపట్టినవా బిడ్డా?"

"లేదు పెద్దయ్యా."

"జగిత్యాలల నీ దగ్గరనే కొన్న. సద్దుల బతుకమ్మ నాడు నానబెట్టిన. అందరి బతుకమ్మలు చెరువుల వోయినయ్, నీ బతుకమ్మ నా బకిట్ల వోయింది. ఒక్క పువ్వు మిగల్లే."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆయనకు కోపం లేదు, నవ్వుతూనే అన్నాడు. నేను తువ్వాల అంచు చూశాను. కుట్టు నాదే. ఒకామె అప్పుడే చేతిలోకి తీసుకున్న తువ్వాలను మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

టీ కొట్టు దగ్గర బకెట్టు అడిగి నీళ్లు తెచ్చాను. ఎనిమిదింటిలో ఒకటి అందరి ముందే ముంచి, రెండు చేతులతో రుద్దాను. నీళ్లు మొదట తెల్లగా చిక్కబడ్డాయి. తర్వాత పసుపు పొరలు ఒక్కోటీ లేచి పైకి తేలాయి. ఒక్కోటీ ముంచుతూ ఎనిమిదీ ముంచాను. ఎనిమిదీ అంతే. రంగు బట్టకు అంటలేదు, గంజికి అంటింది. గంజితోనే పోయింది.

"ఇడువు బిడ్డా, నీ సరుకు నువ్వే ఖరాబు జేసుకుంటవా?" అన్నాడు పెద్దాయన.

"మీ తువ్వాల నాకు ఇయ్యుండ్రి పెద్దయ్యా. మళ్ల అద్ది ఇస్త. మీకే గాదు, జగిత్యాలల కొన్నోళ్లు అందరికి."

"నాకు వద్దు. తెల్లదే సల్లగున్నది," అని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాను. జగిత్యాల మేళాలో కొన్న పువ్వుల తువ్వాల తెల్లబడితే తెండి, మళ్లీ అద్ది ఇస్తాను. మా ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"ఏందే గిది? మన పని మంచిగుండదని మనమే దండోర కొట్టుకున్నట్టు గాదా? ఇగ ఎవరు కొంటరు?"

"కొనకుంటె మళ్ల బీడీలు చుడుత."

"అరవై నాలుగు కొన్నోళ్లను యాడ దేవులాడుతవ్?"

"వాళ్లే నన్ను దేవులాడుకోవాలె. అందుకే బోర్డు."

తర్వాత చేసిన పని ఇంకా కష్టం. దాచిన పలక తీసి మాస్టారుకు ఫోన్ చేశాను. టీవీలో పొద్దస్తమానం మీరూ మేమూ అని కొట్లాట నడుస్తున్న రోజులవి. ఆయన గొంతులో అదేమీ లేదు. అంతా విని, "మందుల షాపులో అయోడిన్ దొరుకుతుందమ్మా. ఉతికిన బట్ట మీద ఒక్క చుక్క వేయండి. నీలంగా మారితే గంజి ఇంకా ఉన్నట్టే," అన్నాడు. తర్వాత, "ఆ పాఠం పన్నెండో రోజుది," అన్నాడు. చెప్పలేకపోయినందుకు తప్పు తనదన్నట్టు వినిపించింది.

అత్త ముందే చుక్క వేశాను. ఆమె స్వయంగా ఉతికి, "ఇగ దీంట్ల ఏం లేదు," అని ఇచ్చిన గుడ్డ మీద. నల్లటి నీలం మరక పరుచుకుంది. అత్త గుడ్డను వెలుతురుకు పెట్టి చూసింది, వాసన చూసింది.

"ఇంత దాసిపెట్టిందా ముండ," అంది గంజిని. మరునాడు పొద్దున నేను లేచేసరికి గంగాళం పొయ్యి మీద ఉంది, పక్కన సోడా పొట్లం ఉంది. ఆ రోజు నుంచి గంజి తీసే పని నాకు ఇవ్వలేదు. తాను పోయేదాకా ఆమే తీసింది.

సిరిసిల్ల మేళాలో బోర్డు చూసి ఆరుగురు ఒక్కొక్కటి తెచ్చారు. అక్కడే బల్ల మీద పరిచి, వాళ్లు చూస్తుండగానే అద్దాను. అప్పుడు తెలిసింది, పదిసార్లు ఉతికిన ఆ పాత తువ్వాలలు రంగును పట్టుకున్నట్టు కొత్త బట్ట ఏదీ పట్టుకోదని. వాళ్ల కోసం అద్దుతుంటే చూడటానికి ఆగినవాళ్లు కొత్తవి కొన్నారు. మా ఆయన భయపడినట్టు దుకాణం మూతపడలేదు. మరుసటి ఏడాది జగిత్యాలలో ఇరవై ఒకటి వచ్చాయి. పటం అడిగిన కుర్రాడు రెండూ తెచ్చి, "అక్కా, గీసారి తంగేడు నిలవడ్తదా, మళ్ల ఉద్యమం జెయ్యాల్నా?" అన్నాడు. తెలంగాణ వచ్చిన ఏడాది పదకొండు. ఆ తర్వాత జగిత్యాల జిల్లా అయి, మేళాలు పెరిగి, ఒకటొకటిగా ఆరు.

ఒక తల్లి సగం తువ్వాలే తెచ్చింది. రెండో సగం చింపి ధర్మపురిలో ఉన్న బిడ్డకు ఇచ్చిందట, పసిపిల్లను చుట్టడానికి. సగానికి పన్నెండు పూలు అద్ది ఇచ్చాను. "మిగతా పన్నెండు మా బిడ్డకు ఉంచు," అని చెప్పి పోయింది.

కోరుట్ల పెద్దాయనను రాష్ట్రం వచ్చిన సంబరాల్లో చూశాను. భుజాన అదే తువ్వాల, అంచులు పోగులు లేచాయి. నా సంచిలో అచ్చు ఉంది, రంగు ఉంది. గుంపును తోసుకుంటూ దగ్గరికి వెళ్లాను.

"పెద్దయ్యా, ఇప్పుడన్న ఇయ్యుండ్రి. ఐదు నిమిషాల పని."

ఆయన తువ్వాలను చేత్తో సర్దుకున్నాడు. "గిది దీక్షల కూసున్న తువ్వాల బిడ్డా. ఎట్లున్నదో గట్లనే ఉండనియ్."

"మరి నా బాకీ?"

"ఉండనియ్. బాకీ ఉంటె మళ్ల కలుస్తం."

మళ్లీ కలవలేదు. అత్త ఉన్నప్పుడు, "వద్దన్నోనిది కొట్టేయ్ పిల్లా," అని చాలాసార్లు చెప్పింది. కొట్టేయలేదు. వద్దనడం ఆయన ఇష్టం, అద్దింది నేను. ఆ తంగేడు అచ్చు పగిలితే అదే కొలతలతో మళ్లీ చెక్కించి ఉంచాను, అమ్మే సరుకు మీద దాన్ని వాడను. బోర్డు అట్ట మూడుసార్లు మార్చాను, మాట మార్చలేదు. ఆరు, ఇరవై ఒకటి, పదకొండు, ఆరు, ఒక సగం. అరవై నాలుగులోంచి తీసేస్తే, ఈ రోజుకు నేను ఇవ్వాల్సినవి పంతొమ్మిదిన్నర.