దోనా నోట రాని పేరు

ఊరన్నాక ఇద్దరు ఆడవాళ్లకు పడకపోవడం వింతేమీ కాదు. కానీ పడని మనిషి పేరే కన్నకూతురికి పెట్టుకోవాల్సి రావడం మా బాల్కన్ కొండ కింద దోనా ఒక్కతెకే జరిగింది. ఆ కూతురి పేరు సిర్మా. గోడకు అవతలున్న శత్రువు పేరూ సిర్మాయే.

గొడవ పందితో మొదలైంది. పెద్ద సిర్మా మొగుడు పోయిన మనిషి, పిల్లాజెల్లా లేరు. క్రిస్మస్‌కు కోద్దామని ప్రాణంగా మేపుకున్న పంది ఒక పొద్దున దోనా కంచె పక్కన నురగ కక్కి చచ్చింది. విషం పెట్టావని ఆవిడ, నా మిరప నారంతా మేసి కడుపు పగిలి చచ్చిందని ఈవిడ. వారం తిరక్కుండానే దోనా వాకిట్లో పందిరంతా అల్లుకున్న ద్రాక్షతీగ మొదలంటా నరికేసి ఉంది. ఎవరు నరికారో చూసినవాళ్లు లేరు, తెలియనివాళ్లూ లేరు. ఆ రోజు నుంచి పొద్దున లేచి మొహం కడుక్కోవడానికి ముందే ఒకరినొకరు తిట్టుకునేవారు.

దోనాకు అప్పటికే ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగోది పుట్టగానే ఆమె అత్త యోవా, పిల్లలు దక్కని ఇంట్లో చేయవలసిందే చేసింది. తెల్లవారుజామున బిడ్డను గుడ్డల్లో చుట్టి నాలుగు దారులు కలిసేచోట పడుకోబెట్టింది. మొదట వచ్చినవాళ్లు ఎత్తుకోవాలి, చర్చిలో పేరు పెట్టించాలి, ఇక జన్మంతా ఆ బిడ్డకు జ్ఞానతల్లో జ్ఞానతండ్రో వాళ్లే. అప్పుడు చావుకు అది ఎవరింటి బిడ్డో ఆనవాలు దొరకదు. యోవా గడుసుది. అంత భారం దేవుడి మీదే వేయడం ఇష్టంలేక, పిండిమిల్లు రుసితో ముందే మాట్లాడి పెట్టుకుంది. ఆ మహానుభావుడు రాత్రి ప్లం సారా దండిగా పట్టించి ఒళ్లెరగకుండా పడుకున్నాడు. గాడిదను తోలుకుంటూ వచ్చింది పెద్ద సిర్మా.

ముళ్లకంచె చాటున దోనా లేవబోయింది. యోవా ఆమె నోరు నొక్కిపట్టింది. ఎవరో ఒకరు ఎత్తుకోకముందే కన్నతల్లి గొంతు వినపడితే బిడ్డ దక్కదు.

పెద్ద సిర్మా ఆగింది. బిడ్డ ఎవరిదో ఆమెకు తెలుసు. తను దాటిపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

"ఏమే దోనా, ఆ ముళ్లలో నక్కావా?" అని కంచెకేసి అడిగింది.  "పలక్కు, పలక్కు. ఇవాళ్టికైనా నీ నోటికి తాళం పడింది."

అంత మాట అన్నాకే వంగి బిడ్డను ఎత్తుకుంది.

చర్చిలో పాదిరి పేరడిగితే "సిర్మా" అంది.

"నీ పేరు కాదమ్మా, బిడ్డ పేరు."

"బిడ్డదే చెబుతున్నాను. ఇక ఆ దోనాను నన్ను తిట్టమనండి, చూస్తాను. సిర్మా చావాలని తిడితే ఏ సిర్మా చావాలో తేల్చుకోమనండి."

బిడ్డ చావలేదు. రాయిలా పెరిగింది. తను పుట్టిన కథ ఊరంతా ఆమెకు చెప్పింది, తల్లి తప్ప. తల్లి ఆమెను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "పిల్లా" అనేది, "ఒసే" అనేది, మరీ కోపమొస్తే "నిన్నే" అనేది. తండ్రి వల్కో పొలంలో ఉన్నంతసేపూ సిర్మా అనే పిలిచేవాడు, గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన నోరూ పడిపోయేది. గోడ అవతల ముసలిది మాత్రం "సిర్మా! నా బంగారు సిర్మా!" అని వీధి చివరికి వినపడేలా కేకలేసేది. ఆ బంగారంలో ముప్పాతిక వంతు దోనా చెవిన పడడానికేనని పిల్లకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఒకసారి బడిలో పంతులమ్మ ఆ పేరుకున్న గొప్ప చెప్పింది. వెనకటికి మగవేషం వేసుకుని కొండల్లో తుపాకి పట్టిన సిర్మా ఉండేదట. పిల్ల ఆ సంగతి తలకెత్తుకుని ఇంటిదాకా పరుగెత్తింది.

"తుపాకి పట్టినవాళ్లేం ఖర్మ, గొడ్డలి పట్టి తీగలు నరికిన సిర్మాలు కూడా ఉన్నారు," అంది దోనా. "పోయి కోళ్లకు గింజలు చల్లు, పిల్లా."

అంతటితో ఆ పేరు మీద సరదా చచ్చిపోయింది. పెద్దదయ్యేకొద్దీ ఆమెకు ఇద్దరిమీదా ఒళ్లు మంటే. అడకత్తెరలో పోకచెక్కలా బతికినదానికి నోరు పదునెక్కక ఏమవుతుంది? సహకార పొలాల్లో మిరపకాయలు కోస్తూ, కొండ అవతలి ఊరి ట్రాక్టర్ డ్రైవరు రాచోను అదే నోటితో ఏడిపించి ఏడిపించి కట్టిపడేసింది. ఈస్టర్ తర్వాత పెళ్లి అనుకున్నారు. ఇక జ్ఞానతల్లి ఒప్పుకోవడమే మిగిలింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురి తలల మీద ఆవిడ కిరీటం పట్టకపోతే చర్చిలో పెళ్లి లేదు. ఆవిడ ఉండగా ఇంకొకరు పట్టడానికి సాహసించరు, జ్ఞానతల్లి ఉసురు మహా చెడ్డదని అందరికీ భయం.

క్షమాపణ ఆదివారం వచ్చింది. చిన్నవాళ్లు పెద్దల చేతులు ముద్దుపెట్టుకుని తప్పులు కాయమని అడిగే రోజు. దోనా చీజ్ పెట్టిన పొరల రొట్టె కాల్చి, మొగుణ్ణీ కూతుర్నీ వెంటబెట్టుకుని, ఏటేటా వెళ్లినట్టే పక్కింటికి వెళ్లింది. అక్కడ ఇరుగుపొరుగు అంతా హల్వా తింటూ కూర్చున్నారు. అసలు తినడానికి వచ్చింది ఈ తమాషానే.

"క్షమించు, కూమా," అంది దోనా పళ్ల బిగువున. జ్ఞానతల్లిని మావాళ్లు అలాగే పిలుస్తారు.

"దేవుడు క్షమిస్తాడులే," అంది ముసలిది. "ఆయన పంది పోలేదుగా."

"ఆయన తీగా పోలేదు."

జనం పగలబడి నవ్వారు. చిన్న సిర్మా నవ్వలేదు. ముసలిదాని చెయ్యి ముద్దుపెట్టుకుని పెళ్లి మాట ఎత్తింది.

"పడతాను, కిరీటం పట్టకేం? ఒక్కటే అడుగుతాను," అంది ముసలిది. "నిన్ను పేరు పెట్టి పిలవమను, మీ అమ్మను. ఇక్కడే, వీళ్లందరి ముందు. నేను ఎత్తుకోకపోతే నువ్వెక్కడున్నావు? ఆ పేరు పలకడానికి ఆవిడకు ఇన్నేళ్లుగా నోరు రాలేదు."

అందరూ దోనా వైపు తిరిగారు.  దోనా రొట్టె బల్లమీద పెట్టి గిరుక్కున తిరిగి ఇంటికి పోయింది.

కూతురు వెనకే వచ్చి వాకిట్లో పట్టుకుంది. "ఒక్క మాటే! నా పెళ్లి కన్నా నీ పంతమే ఎక్కువైపోయిందా? కన్నావా, కసి తీర్చుకోవడానికి కొన్నావా నన్ను?"

దోనా కట్టెల మీద చతికిలబడింది. "మొదటిదాన్ని గనా అని పిలిచాను," అంది. "మింకో అని పిలిచాను. పెత్రా అని పిలిచాను. పొద్దస్తమానం పిలిచేదాన్ని. పిలవడంలోనే వాడికి దారి చూపించాను, ఆ తీసుకుపోయేవాడికి. నిన్ను పిలవలేదు. నువ్వున్నావు."

 సిర్మా "పంతమనుకున్నాను," అంది.

"మొదట్లో పంతమే. అబద్ధమెందుకు?" అని దోనా లేచింది. "పద. పలుకుతాను."

"వద్దమ్మా."

"రాచో మంచోడు. పద."

మళ్లీ ఆ ఇంటికే వెళ్లారు. దోనా గది మధ్యలో నిలబడింది. కూతుర్ని చూడలేదు, నేలను చూస్తూ "సిర్మా" అంది. గుక్కెడు వేడినీళ్లు మింగిన మనిషిలా అయింది ఆమె మొహం.

"గట్టిగా," అంది ముసలిది. "వయసు మీద పడింది, చెవులు సరిగా వినపడవు."

"సిర్మా!"

"ఆఁ, ఇప్పుడు బాగుంది. ఇంకోసారి, తీరిగ్గా..."

చిన్న సిర్మా బల్లమీది రొట్టె తీసి చంకలో పెట్టుకుంది. 

"చాలు," అంది. "నన్ను ఎత్తుకున్నావు, కాదనను. కానీ దింపలేదు. ఇన్నేళ్లూ మా అమ్మకు చూపించడానికే ఎత్తి పట్టుకున్నావు. నీ కిరీటం నాకొద్దు."

"జ్ఞానతల్లిని కాదన్నది బాగుపడదే! నా ఉసురు తగిలి పోతావ్!"

"శపించు. సిర్మా అనే శపించు. ఎవరికి తగుల్తుందో తేల్చుకోమని ఆ రోజు పాదిరితో నువ్వే అన్నావుగా."

 జనానికి హల్వా గొంతులో అడ్డుపడింది.

పెళ్లి చర్చిలో జరగలేదు. పట్నంలో ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి సంతకాలు చేసుకున్నారు. గుమస్తా పెళ్లి, గుమస్తా కాపురం అని ఊరు చాన్నాళ్లు ఎగతాళి చేసింది. ముసలి సిర్మా గోడ అవతల కేకలు మానేసింది. దోనాకు మాత్రం అది కూడా పట్టలేదు. పెళ్లయిన మర్నాటి నుంచే కొండెక్కి దిగి కూతురింటికి నడిచి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు వెనిగర్ కావాలంది, ఒకరోజు జల్లెడ అంది. లోపలికి వచ్చేది కాదు, కూర్చునేది కాదు. గుమ్మంలోంచి ఓసారి కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసి తిరిగిపోయేది.

"మీ అమ్మ పాలవాడికన్నా నయం, రోజూ తప్పకుండా దిగుతుంది," అని అత్తగారు మూతి తిప్పింది. సిర్మాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు దోనా రాగానే, చేతినిండా పిండితోనే ఎదురెళ్లి విరుచుకుపడింది.

"రోజూ ఎందుకొస్తావమ్మా? నా పరువు తీయడానికా? మనింట్లో జల్లెడే లేదా?"

"ఉంది."

"మరి?"

"రెండుసార్లు పలికాను కదే," అంది దోనా. "ఉన్నావో లేదో చూసి పోదామని."

సిర్మా కోపం ఒక్కసారిగా నీరుగారిపోయింది. తల్లిమీద అంత జాలి ఆమెకు ఎప్పుడూ కలగలేదు, అలా జాలిపడడం ఆమెకు నచ్చనూ లేదు.

"ఉన్నాను," అంది. "చూశావుగా, ఉన్నాను. ఇక పో."

"ఉండు మరి," అని దోనా తిరిగి కొండదారి పట్టింది.

మర్నాడూ వచ్చింది. ఈసారి ఏమీ కావాలనలేదు. సిర్మా ఆమెకు కనపడేలా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.