చుక్క గుర్తు కింది వాక్యం

జిరాక్సు మిషన్లోంచి అప్పుడే వచ్చిన కాగితం వేడిగా ఉంటుంది, కాస్త మాడిన వాసన వేస్తుంది. చోడవరం బస్టాండు పక్కన నా కొట్లో రోజూ పీల్చే వాసనే అది. మొన్న ఒకాయన ఏదో పొలం కాగితం తెచ్చి, "అడుగున ఈ లైను పడకండా తియ్యమ్మా. తెల్లకాయితం అడ్డెట్టెయ్, సరిపోద్ది" అన్నాడు. చెయ్యనన్నాను. ఇంత చిన్న పనికి అంత పంతమేమిటని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక గవరయ్య మాస్టారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొచ్చిన పూట నాకు అన్నం సయించదు.

మాస్టారు మా ప్రాంతం నుంచి రెండుసార్లు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అంతకుముందు కె.కోటపాడు దగ్గర ఒక బళ్లో లెక్కలు చెప్పేవారు. ఎంపీ అయ్యాక కూడా జనం ఆయన్ని మాస్టారనే పిలిచారు. చోడవరంలోని ఆయన ఆఫీసులో నేను అప్పట్లో టైపిస్టుని. చేరిన రోజే ఒక చెరకు రైతు అర్జీ ఇస్తే, కుర్చీలోంచి లేవకుండా అందుకుని ఫైల్లో పెట్టేశాను. మాస్టారు లోపలి గదిలోంచి చూస్తూనే ఉన్నారు. "పద్మా, అందులో ఏటి రాసేడు?" అన్నారు. తర్వాత చదువుతానన్నాను. "లేచి నిలబడు. రెండు సేతుల్తో తీసుకో. ఆయనెదరే పైకి సదువు. ఆయన మాట ఆయనకి ఇనపడాల. అప్పుడే అది అర్జీ. లేపోతే ఉత్త కాయితం" అన్నారు. అందరి ముందూ అలా అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ రైతు తన అర్జీ వింటూ మెల్లగా నిటారుగా నిలబడడం చూశాను. అప్పట్నుంచి ఇంకోలా తీసుకోలేదు. ఈ రోజుకీ తీసుకోలేను.

అప్పలకొండ కూడా అలాగే అర్జీ పట్టుకుని వచ్చింది. చీడికాడ అవతల, గెడ్డ, అంటే కొండవాగు, దాటితే గానీ రాలేని ఊరు ఆమెది. వానాకాలంలో గెడ్డ పొంగితే ఇటూ అటూ రాకపోకలుండవు. ఆమె కూతురు పైడమ్మకి అప్పుడు నాలుగో నెల. పురుడు సరిగ్గా వానల్లో వస్తుందని ఆమె భయం. అర్జీ మాస్టారే చదివారు. చదివి మడిచి జేబులో పెట్టుకుని, "ఈసారి సభలో నీ పేరు, నీ కూతురి పేరు సెప్పి వంతెన అడుగుతాను" అన్నారు. అది ఓట్ల కోసం అన్న మాట కాదు. ఆ ప్రసంగం ఆయన చెబుతుంటే నేనే టైపు చేశాను. ఒక్కో వాక్యం నాలుగేసిసార్లు మార్పించారు. ఢిల్లీలో తెలుగులోనే మాట్లాడతానన్నారు.

సమావేశాలయ్యాక వచ్చిన మాస్టారు ఆ సంగతే ఎత్తలేదు. కొన్నాళ్లకి సభలో జరిగిందంతా అచ్చయి వచ్చింది. ఆయన ప్రసంగం పొల్లు పోకుండా ఉంది. కానీ పేరు పక్కన ఒక చిన్న చుక్క గుర్తు, పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం. ఈ ప్రసంగం సభ బల్లమీద ఉంచబడినది, అని. అక్కడ అదొక పద్ధతి. మాట్లాడే సమయం దొరకని సభ్యులు తాము రాసుకొచ్చింది అక్కడ ఇచ్చేసి వెళ్లిపోవచ్చు. అచ్చులో మాత్రం నిలబడి మాట్లాడినట్టే ఉంటుంది. నేను ఆ వాక్యం మీద వేలు పెట్టాను. మాస్టారు కిటికీ వైపు చూస్తూ, "మన పార్టీకిచ్చిన టైమంతా పెద్దోళ్లే మాటాడేసేరమ్మా. ఆ అడుగు లైను పడకండా కాపీలు తీయించు. ఊళ్లో ఇద్దాం. ఆళ్లకి ధైర్యంగా ఉంటాది" అన్నారు. నేను తెల్లకాగితం సన్నగా కత్తిరించి, ఆ వాక్యం మీద పెట్టి, మిషను మూత వేశాను. చుక్క గుర్తుని గోరంత ముక్కతో మూశాను. అంత శుభ్రంగా చేసినందుకు మనసులో కాస్త గర్వపడ్డాను కూడా. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అప్పలకొండ తన కాపీకి ప్లాస్టిక్ అతికించి గుమ్మం పక్కన వేలాడదీసుకుంది. అప్పటిదాకా ఆ ఊరివాళ్లు సోమవారం సోమవారం కలెక్టరాఫీసుకి వెళ్తుండేవారు. వంతెన సంగతి తర్వాత, వానలకి ముందు సిమెంటు తూములు పరిచి తాత్కాలికంగా దారి వేయమని అడిగేవారు. అక్కడి అధికారి దాదాపు ఒప్పుకున్నాడు. మా కాపీలు వెళ్లాక వాళ్లు మానేశారు. ఢిల్లీలోనే చెప్పాక ఇంక కలెక్టరెందుకు అనుకున్నారు. తూముల ఫైలు అడిగేవాళ్లు లేక మూలపడింది. మాకది అప్పట్లో తెలియను కూడా తెలియదు.

శ్రావణంలో గెడ్డ రెండు రోజులు దిగలేదు. పైడమ్మని మంచం మీద గట్టుదాకా మోసుకొచ్చారు. ఇవతల అంబులెన్సు కనబడుతూనే ఉంది. తల్లీ బిడ్డా ఆ గట్టునే పోయారు.

నీళ్లు తీశాక మాస్టారు వెళ్లారు. నేనూ వెళ్లాను. మోకాలి లోతు బురదనీళ్లలో ఆయన ముందు నడిచారు. అప్పలకొండ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడుపు లేదు. మాస్టారిని చూసి, "నా గుంట పైడమ్మ పేరు సెప్పినప్పుడు అక్కడోళ్లు ఏటన్నారు బాబూ?" అని అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. మాస్టారు నా వైపు ఒక్కసారి చూశారు. నేను తల దించుకున్నాను.

"సెప్పలేదు అప్పలకొండా" అన్నారాయన. "మాటాడ్డానికి టైమివ్వలేదు. కాయితం బల్లమీదెట్టి వచ్చేసేను. ఆ సంగతి అడుగున రాసే ఉంది. మీకు కనపడకండా నేనే తీయించేసేను."

ఆమె లేచి, గుమ్మం పక్కనున్న ఆ కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. "అయితే ఇప్పుడు సదవండి" అంది.

మాస్టారు రెండు చేతులతో అందుకున్నారు. నిలబడి చదివారు. పైడమ్మ పేరు దగ్గర ఆగి కాగితం దించేశారు. "కడదాకా సదవండి బాబూ" అంది. కడదాకా చదివారు. వర్షాకాలానికి ముందే వంతెన మంజూరు చేయాలని కోరుతున్నాను, అన్నది చివరి వాక్యం.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన నిలబడలేదు. ఆఫీసు మూసేశారు. చివరి రోజుల్లో ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. ఆయన పోయినప్పుడు నలుగురు మనుషులు కూడా రాలేదు. ఆయన్ని క్షమించానో లేదో నాకు తెలియదు. నాకు బతుకులో పనికొచ్చిన ఒకే ఒక్క పాఠం చెప్పింది ఆయనే. దాన్ని చెడగొట్టే పని చేయించిందీ ఆయనే.

వంతెన ఇంకా రాలేదు. అప్పలకొండ ప్రతి సోమవారం కలెక్టరాఫీసు బస్సెక్కే ముందు నా కొట్టుకి వస్తుంది. నేను లేచి, అర్జీ రెండు చేతులతో తీసుకుని, పైకి చదివి, కాపీ తీసి ఇస్తాను. ఆమెకి చదువు రాదు. వేడి కాగితాన్ని కింది నుంచి పైకి వేలితో తడిమి, "అడుగునేటీ దాయలేదు కదా అమ్మా?" అని అడుగుతుంది.

"లేదప్పా" అంటాను. అర్జీనీ కాపీనీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఆ రోజు తెల్లకాగితం అడ్డుపెట్టిన చెయ్యి నాదేనని ఆమెకి తెలియదు. మాస్టారు ఆ అరుగు ముందు చెప్పగలిగిన మాట, ఇన్ని సోమవారాలు వచ్చినా నేను చెప్పలేకపోయాను. ఆమె అర్జీ మడిచి బొడ్లో దోపుకుని బస్సెక్కుతుంది.