నిలబడి నేర్చిన విద్య

పర్శరాములు కుదురుగా కూర్చోగా అబుదాబి ముసఫ్ఫాలోని కూలీల క్యాంపులో చూసినవాళ్లు లేరు. జగిత్యాల నుంచి వచ్చి ఇటుకలు మోశాడు, టైర్ల షాపులో పంక్చర్లు వేశాడు, చివరికి ఓ ఆఫీసులో టీలందించే పనికి కుదిరాడు. కంప్యూటర్ అక్కడే వంటబట్టింది. చేతిలో ట్రేతో, గుమస్తాల భుజాల మీదుగా చూసి చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు క్యాంపులో ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా అతనే దిక్కు. కాళ్లు మార్చి మార్చి నిలబడుతూ, వంగి, కుడిచేత్తో టకటకా కొడతాడు. ఎడమచెయ్యి మాత్రం ఇంకా ట్రే పట్టుకున్నట్టే గాల్లో ఉంటుంది.

మొన్న ఆఫీసును నడిపే ముదీర్ పిలిచి, కంప్యూటర్ పనే ఇస్తానని పరీక్ష పెట్టాడు. పైనుంచి చూసి నేర్చిన అక్షరాలు కుర్చీలో కూర్చోగానే కొత్తగా కనిపించాయి. తలుపు చప్పుడైనప్పుడల్లా పర్శరాములు లేచి నిలబడ్డాడు.

"ఖలాస్, జావ్," అన్నాడు ముదీర్.

ఆ సాయంత్రం పక్క మంచం భూమేశ్ తన ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంటికి వీడియో కాల్ కలవడం లేదట.

"జర కూసోని చూడరాదే అన్నా."

"కూసుంటే నాకు చేతులాడయ్ రా," అన్నాడు పర్శరాములు. పొద్దున ముదీర్‌కి చెప్పలేకపోయిన మాట అది.

భూమేశ్ ల్యాప్‌టాప్ ఎత్తి, రెండంతస్తుల మంచంలో పైదాని మీద, సరిగ్గా పర్శరాములు రొమ్ము ఎత్తున పెట్టాడు.