కుదురులేని చేతులు

"కుదురులేని చేతులమ్మా ఇవి. నోరు పాఠం చెబుతుంటుంది, ఇవి చెడగొడుతుంటాయి," అంది టీచరమ్మ, బల్ల మీది నీళ్ళు తుడుస్తూ. స్కూలు నుంచి ఇంటికి తీసుకెళ్దామని వచ్చిన తోడికోడలు పొడిగుడ్డ అందిస్తూ నవ్వాపుకుంది.

ఆ ఎలక్ట్రానిక్స్ గదిలో టీచరమ్మ పెట్టిన నియమం ఒక్కటే: పిల్లల పని మీద పెద్దల చెయ్యి పడకూడదు, తప్పు వాళ్ళే వెతుక్కోవాలి. మట్టి ఎండితే మొక్కకు దానంతటదే నీళ్ళు పోసే యంత్రాన్ని తొమ్మిదో తరగతి ఆడపిల్లలు తయారుచేశారు. ప్రోగ్రామూ వాళ్ళదే. మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ చూడవచ్చింది. ఒక తీగ వదులుగా ఉందనిపించి, టీచరమ్మ ఆగలేక దాన్ని పీకి పక్క రంధ్రంలో గుచ్చింది. ఇక మట్టి తడిసినా మోటారు ఆగలేదు. మొక్కతోపాటు హెడ్మిస్ట్రెస్ కుచ్చిళ్ళూ తడిశాయి.

"పిల్లలేమన్నారక్కా?"

"ఏమంటారు? 'తప్పు మీరే వెతుక్కోండి టీచర్' అన్నారు. నా మంత్రం నాకే అప్పజెప్పారు."

రేపు ఇంకొక్కసారి చూస్తుందట హెడ్మిస్ట్రెస్. అప్పుడూ పనిచేయకపోతే ఈ గది ఖాళీ చేయించి విరిగిన బెంచీలు వేయిస్తుందట.

తీగను పిల్లలు ఎప్పుడో సరిచేశారు. అయినా టీచరమ్మ చెయ్యి మెల్లగా అటే పాకింది. తోడికోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"చూశావా?" అంది టీచరమ్మ. "నువ్వు ముందు నడువు, నేను తాళం వేసి వస్తాను. రేపు మాత్రం తప్పకుండా రా తల్లీ. ఆవిడ గదిలోకి రాగానే నా రెండు చేతుల్లో రెండు వేడి టీ గ్లాసులు పెట్టు. వెళ్ళేదాకా ఒక్కటి కూడా తీసుకోకు."