ఒట్టన్‌చత్రం దారిలో నడక భక్తుల సత్రం

మా ఎం.ఆర్క్ చివరి సంవత్సరంలో పాత కట్టడాల పరిరక్షణ మీద ఒక సెమినార్ ఉంది. ప్రతి ఒక్కరూ కూల్చబోతున్న కట్టడం ఒకటి వెతుక్కుని, అది నేలకూలేలోగా కొలిచి గీయాలి. నాకు దొరికింది పళని, ఒట్టన్‌చత్రం మధ్య ఒక పల్లెలో తెలుగువాళ్ల సత్రం. కాలినడకన పళని వెళ్లే భక్తులు అందులో పడుకుంటారు. సోమవారం దాని మిద్దె దించి కాంక్రీటు పోస్తారని తెలిసి, శనివారమే బయలుదేరాను.

ఉదయం ఐదున్నరకు గాంధీపురంలో లాడ్జి ఖాళీ చేసి, టౌన్ బస్సులో ఉక్కడం బస్టాండు చేరి, ఆరుంబావుకు పళని బస్సెక్కాను. మీరు వెళ్తే కుడివైపు కిటికీ పట్టుకోండి, కొండలు చాలాసేపు వెంట వస్తాయి.

పొల్లాచ్చిలో మునక్కాయల వ్యాపారం చేసే ఒకావిడ పక్కన కూర్చుంది. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడటం విని నవ్వింది.

“ఆంధ్రా తెలుగా కణ్ణు? సినిమాలో మాట్లాడే మాదిరి ఉండాది.”

ఆ ‘కణ్ణు’ మా ‘బంగారం’ లాంటి పిలుపు. మాది బాపట్ల అన్నాను.

“మాకు చదివేదానికి రాదు. మాట్లాడేదానికి మట్టుం వస్తుంది,” అంటూ తన పొట్లంలోంచి రెండు ఇడ్లీలు తీసి నా చేతిలో పెట్టింది. పళనిలో బస్సు మారి పదింటికి పల్లెలో దిగాను.

సత్రం యజమాని రంగసామి నాయుడుగారు పక్కనే ఎరువుల దుకాణం నడుపుతారు. యాభై దాటిన మనిషి. ఎందుకు కూలుస్తున్నారని అడిగాను.

“పోయిన ఏడు వానలో మిద్దె ఒళికి, నీళ్లు కారి, బిడ్డల్ని ఎత్తుకొని అందరూ లేచి కూచొనిరి. నడిచి వచ్చేవాళ్లు తడిస్తే నాకు పాపం గదమ్మా?”

టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టిన మిద్దె అది. గీసుకుని పోవడమే నా పని అనుకుని పైకెక్కాను. నీళ్ల గొట్టంతో మట్టం చూస్తుంటే నాయుడుగారు రెండో కొస పట్టుకున్నారు. మిద్దె వాలు మొత్తం వాయవ్య మూలకే ఉంది. అక్కడ మాత్రం పిట్టగోడకు నీళ్లు పోయే దారే లేదు.

కిందికి దిగి ఆయన మేనత్త రాజమ్మగారిని అడిగాను. ఆమెకు ఎనభై ఉంటాయి.

“ఆ మూల జలదారి ఉండె గదా! సత్రం పేరు బోర్డు తగిలించే అప్పుడు సిమెంటుతో పూసేసిరి. అప్పుడే చెప్తిని, ఎవరు విన్నారు?”

మేము తూము అనేది ఆమెకు జలదారి. నాయుడుగారు వెంటనే మేస్త్రిని పిలిపించారు. గీతలు మాని గోడలో వేలు పెట్టవచ్చా అని నాకు ఒక్క క్షణం భయం వేసింది. మేస్త్రి సిమెంటు పెచ్చు ఊడగొట్టగానే రాతి తూము బయటపడింది. మూల దగ్గర రెండు దూలాల కొసలు మాత్రం పుచ్చిపోయాయి.

“వీటిని మార్చేదాకా ఇటువైపు ఎవరినీ పడుకోనివ్వకండి,” అని గట్టిగా చెప్పాను. మేస్త్రి అప్పుడే వాటికి సరుగుడు కట్టెలు ఆనించాడు.

వాళ్లింట్లో కొళ్ళు పప్పు చారుతో భోజనం. మా వైపు వాటినే ఉలవలంటాం. తర్వాత ఇరవై బిందెలు మిద్దె మీద పోశాం. నీళ్లు తూములోంచి ధారగా దూకాయి. గంటసేపు కింద తలలెత్తి నిలుచున్నాం. ఒక్క చుక్క కూడా పడలేదు.

“సరి,” అన్నారు నాయుడుగారు. “సోమవారం దూలాలు మట్టుం మార్పిస్తాను. ఐప్పసి వానలు పొయ్యేదాకా చూస్తాము. ఒళికితే ఇడిచేదే.” ఐప్పసి అంటే అక్టోబరు నడుమ మొదలయ్యే వానల నెల; అప్పుడు కారితే మాత్రం కూల్చడమేనట.

నాలుగున్నరకు తిరుగు బస్సెక్కాను. కట్టడాన్ని ఎవరి కోసం కాపాడాలి అని క్లాసులో ఐదు వారాలు వాదించుకున్నాం. ఇక్కడ అలసిన మనుషులు పొడిగా పడుకోగలరా అన్నదొక్కటే ప్రశ్న. నాకు అదే నచ్చింది.

ఉడుమలైపేట దగ్గర వాన మొదలైంది. కిటికీ మూశాను కానీ మనసు నిలవలేదు. నాయుడుగారికి ఫోన్ చేశాను.

“ఈడ గూడా జోరుగా కొడతా ఉండాది,” అన్నారాయన. “అత్త సత్రంలో నడిమధ్యన కుర్చీ వేసుకొని కూచొని ఉండాది. లేచి రమ్మంటే రాదు. తడవలేదని నీకు చెప్పమంటా ఉండాది.”