ముట్టకుండా రాసిన మాట

ఎండలు ముదిరాయని మా అపార్ట్‌మెంటు వాళ్లు డాబాకు సున్నం వేయిస్తున్నారు. మధురానగర్‌లో ఈ రోజుల్లో ఏ మేడ మీద చూసినా ఇదే పని. పొద్దున బట్టలు ఆరేద్దామని పైకి వెళ్లేసరికి, సున్నం వేసే మల్లేశ్ ఇనుప డ్రమ్ములో సున్నపు గడ్డలు పోసి నీళ్లు గుమ్మరిస్తున్నాడు. బుస్సుమని పొంగింది. తడిసిన కొత్త గోడ వాసన, ముక్కులో సన్నగా మంట. "జర దూరం ఉండుండ్రి మేడమ్, మీద చిందుతది" అన్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, అక్కడే నిలబడిపోయాను. యాదగిరి సార్ గుర్తొచ్చారు. నిజం చెప్పాలంటే, ఆయన గుర్తుకు రావడమంటే నాకు భయం.

అమీర్‌పేటలో మా బడి మూడంతస్తుల అద్దె ఇల్లు. ల్యాబ్ అని బోర్డున్న గదిలో విరిగిన బెంచీలు ఉండేవి. సార్ వాళ్లది నేతపని చేసే కుటుంబం. ఆయన నాన్నగారు మగ్గం నేసేవారట. పదో తరగతిలో మాకు రసాయన శాస్త్రం ఆయనే చెప్పేవారు. సంయోగ చర్య పాఠం రోజు పేపరు పొట్లంలో సున్నపు గడ్డ, చేతిలో స్టీలు మగ్గు పట్టుకుని వచ్చారు. మగ్గులో గడ్డ వేసి, తానే నీళ్లు పోసి, పొంగు తగ్గాక దాన్ని బెంచీ బెంచీకి తిప్పారు. అందరూ మగ్గును బయట నుంచి ముట్టుకోవాలి. చివరి బెంచీ దాకా వెళ్లి వచ్చేవరకు ఎవరూ పెన్ను తియ్యకూడదు. అది ఆయన పెట్టిన నియమం.

"మగ్గులకు రెండు పోయినయ్, ఒక్కటే వచ్చింది. మరి నీళ్లేడ పోయినయ్?" అని అడిగారు. "మాయమైనయ్ సార్" అన్నారెవరో. "మాయమెట్లయితయ్‌రా! కొంచెం ఆవిరైంది, మిగిలింది సున్నంల కలిసింది. గిప్పుడిది పాత సున్నం కాదు, పాత నీళ్లు కాదు, కొత్తది" అన్నారు, తానే ఆ వింతను మొదటిసారి చూస్తున్నంత సంబరంగా.

నేను క్లాస్ ఫస్టు. ఆ పొగరు నాకు నెత్తి దాకా ఉండేది. మగ్గు ఇంకా రెండు బెంచీల అవతల ఉండగానే, గైడు చూసి "పాత్ర వేడెక్కినది" అని రాసేశాను. సార్ చూశారు. "ముట్టకముందే ఎట్ల తెల్సింది బిడ్డా?"

"గైడులో ఉంది సార్."

"గైడు ముట్టి చూసిందా?" క్లాసంతా గొల్లుమంది. "నీకు ముందే తెల్సిపాయె గద, ఇంక ముట్టుడెందుకు" అని నవ్వుతూ మగ్గును నా పక్క నుంచి దాటించేశారు. ఉత్త వేళాకోళమే. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సార్ నా ఒక్కదాని కోసం మళ్లీ పొట్లం కట్టుకొచ్చారు. "రా బిడ్డా, నిన్న నీకు రాలే" అన్నారు. "వద్దు సార్, నాకు వచ్చు" అన్నాను. ఆయన ఆ పొట్లాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నారు.

అప్పటికే ముందు రోజు సాయంత్రం ఇంట్లో ఏడ్చి వచ్చాను. సార్ సిలబస్ నడపరు, ఆటలాడిస్తారు, మరిగే మగ్గు పట్టుకోమంటారు, పిల్లల చేతులు కాలుతున్నాయి అని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పిల్ల చదువే లోకంగా బతుకుతున్న మా నాన్న, "ఏంటమ్మా, చేతులు కాలుతున్నాయా! ఇదేం చదువు!" అని మండిపడ్డారు. మరో నలుగురు తండ్రులు కలిశారు. కరెస్పాండెంటుకు అర్జీ తయారైంది. "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాయమ్మా" అన్నారు నాన్న. రాశాను. ఒక్క చెయ్యీ కాలలేదని తెలిసీ రాశాను. తప్పుల్లేకుండా, మార్జిను కొట్టి మరీ రాశాను.

వారం తర్వాత సార్‌ను ఆఫీసు గదికి పిలిచి ఆ అర్జీ చూపించారు. తిరిగొచ్చాక ఆయన పాఠం చెప్పలేదు. మా నోట్సులు దిద్దుతూ బెంచీల మధ్య తిరిగారు. నా పుస్తకం దగ్గర ఆగి, చాలాసేపు ఆ అక్షరాలనే చూశారు. ఏడాది పొడుగునా ఆయన దిద్దిన చేతిరాత అది. వంగి, నాకొక్కదానికే వినిపించేలా, "అది సుత ముట్టకుండనే రాసినవా బిడ్డా?" అన్నారు. కోపం లేదు. కోప్పడి ఉంటే ఎంత బాగుండేది! నెలాఖరు నుంచి ఆయన బడికి రాలేదు. కొత్త సార్ మూడు రోజుల్లో రెండు పాఠాలు అవగొట్టారు.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కనిపించారు. చేతిలో గుడ్డసంచీ, జుట్టంతా నెరిసింది. నేను స్కూటీ మీద ఉన్నాను, తలకు హెల్మెట్. ఆయన నా బండి ముందు నుంచే రోడ్డు దాటారు. పిలిస్తే వినిపించేంత దూరం. ఏమని పిలవను? పచ్చలైటు పడింది, వెనకవాళ్లు హారన్లు మోగించారు, ఆ మోతను సాకుగా పెట్టుకుని వెళ్లిపోయాను. పోయినేడు చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "మన యాదగిరి సార్ పోయిండే. యూసుఫ్‌గూడలో చిన్న రూముల ఉండి ట్యూషన్లు చెప్తుండె. పిల్లలకు మగ్గు తిప్పుడు సుత మానలేదంట" అంది. ఫోన్ పెట్టేసి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నాకు ఆ సామెత చెప్పుకునే అర్హత కూడా లేదు.

ఇప్పుడు మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో నాది ఫిర్యాదులు విచారించే ఉద్యోగం. ఎవరి మీద కాగితం వచ్చినా, ఆ చోటికి వెళ్లి, ఆ మనిషితో మాట్లాడాకే పెన్ను తీస్తాను. "మేడమ్‌కు చాదస్తం" అని ఆఫీసులో నవ్వుకుంటారు. నవ్వనీ. దానివల్ల ఆ పాత అర్జీ చెరిగిపోదని నాకు తెలుసు.

డాబా మీద పొంగు అణిగింది. మల్లేశ్ డ్రమ్ములోంచి ఒక మగ్గుడు సున్నం తీసి గట్టు మీద పెట్టి, కుంచె కోసం వెళ్లాడు. నేను దగ్గరికి వెళ్లి, మగ్గును బయట నుంచి అరచేత్తో పట్టుకున్నాను. టీ గ్లాసంత వెచ్చగా ఉంది. అలాగే పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి కాలలేదు సార్.